ఏడుగురా, వందమందా

ఆ ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో ఏ యుద్ధం చేయాలో తేల్చుకోవడానికే ఎనిమిది వారాలు పట్టింది.

యుద్ధం అంటే బల్ల మీద యుద్ధం. బొటనవేలంత సైనికులు, అట్టముక్కలతో కట్టిన కొండలు, చేతిలో పాచికలు, పక్కన కొలిచే టేపు. చదరంగంలాగా గళ్ళుండవు. సైనికుణ్ణి టేపుతో కొలిచి జరపాలి, వాడు కొట్టాడో దెబ్బతిన్నాడో పాచికలు చెబుతాయి. సైనికులకి రంగులు ఎవరికి వాళ్ళే వేసుకోవాలి. ఇలాంటి ఆటలు లోకంలో వందలున్నాయనీ, వాటిలో ఒకటి ఎంచుకుని ఏళ్ళ తరబడి దాన్నే అంటిపెట్టుకునే మనుషులుంటారనీ నాకు నలభై ఒకటో ఏట తెలిసింది. తెలియజేసింది మా ఆయన కూతురు.

మా ఆయన కూతురు అని రాస్తుంటే ఇప్పుడు చెయ్యి ఆగుతోంది. అప్పటికి అంతే మరి. నా పెళ్ళయి ఏడాది. ఆ పిల్లకి పదమూడేళ్ళు. తల్లి పోయినప్పటినుంచీ మేనత్త దగ్గర పెరిగింది. మా పెళ్ళయ్యాక ఇక్కడికి తీసుకొస్తామంటే మా వదిన, అంటే ఆ మేనత్త, ఒక మాట పెట్టింది. ఆస్పత్రిలో పెద్ద నర్సు ఆవిడ, ఏదైనా రోగికి మందు చెప్పినట్టు సూటిగా చెబుతుంది. "ఒక ఏడాది చూడండి. ఎండాకాలం సెలవులు అయ్యేలోగా అక్కడే ఉంటుందో నా దగ్గరికి వచ్చేస్తుందో పిల్లే చెప్పాలి. ఎవరూ బలవంతపెట్టకూడదు." ఆ మాట మా అందరికీ ఎంతో సబబుగా తోచింది. సరేనన్నాం.

పిల్లని ఇంట్లో అందరూ జడ్జి అనేవారు. ఒక జత చెప్పులకోసం మూడు కొట్లు తిప్పి, నాలుగో కొట్లో "ఆలోచించుకుని వస్తాం" అనే రకం. అలాంటిది ఇల్లు ఎంచుకోవాలంటే ఎన్ని వాయిదాలు పడతాయోనని మా ఆయన నవ్వేవాడు. నవ్వుతూనే కేలెండరు వైపు చూసేవాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడ ఇరుక్కుపోయినవాళ్ళనైనా బయటికి తీస్తాడు గానీ, ఇంట్లో మాట ఇరుక్కుంటే ఆయనవల్ల కాదు.

నా పని పళ్ళసెట్లు చేయడం. ఇంటి వెనక గదే నా పనిగది. డాక్టర్లు నోటి కొలతలు పంపిస్తారు, నేను మైనంతో చిగుళ్ళు చెక్కి, వాటికి పళ్ళు పేర్చి, ప్లాస్టర్‌లో పాతిపెట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబీరంగు ముద్ద నింపి ఉడకబెడతాను. సెలవులు మొదలైన మూడో రోజున పిల్ల ఆ గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. ఏడాదిలో ఒక్కసారీ గుమ్మం దాటలేదు.

"శనివారం మధ్యాహ్నం మీకేమైనా పనుందా?"

ఉంది. సోమవారానికి మూడు సెట్లు ఇవ్వాలి. "ఏం లేదు," అన్నాను.

"టైర్ల కొట్టు పైన బొమ్మల కొట్టుంది. బస్సులోంచి రోజూ చూస్తుంటా. శనివారాలు ఆటలు ఆడి చూడనిస్తారట. జోడీతో వస్తేనే. నాన్నకి డ్యూటీ."

"అంటే నాన్న బదులు నేనన్నమాట."

"ఇంకెవరూ లేరు," అంది. జడ్జిగారి తీర్పుల్లో మొహమాటం ఉండదు.

ఆ కొట్టాయన ముక్కుమీద ఒక కళ్ళద్దాలు, నెత్తిమీద ఇంకో కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంటాడు. బొమ్మలకి కళ్ళు దిద్దడానికి అవి, మనుషుల్ని చూడటానికి ఇవి. పిల్ల ఏదో పెట్టె తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాలుగు ఆటలైనా ఆడి చూడందే నేను అమ్మను పాపా. కొనుక్కెళ్ళి అటకమీద పడేసేవాళ్ళని చూసి చూసి విసుగొచ్చింది. ఇది కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకోవడం లాంటిది. తెచ్చుకున్నాక సాకాలి. ముందు ఏ ఆటో ఎంచుకో, ఆ తర్వాతే పెట్టె."

పిల్ల మొహం వెలిగిపోయింది. ఎంచుకోవడానికి గడువే లేని కొట్టు దొరికింది దానికి. నా తల ప్రాణం తోకకి వస్తుందని అప్పుడే అర్థమైంది.

మొదటి శనివారం ఓడలు. నీలం గుడ్డ పరిచిన బల్ల మీద గోరంత ఓడలు, వాటి మీద మనుషులే కనపడరు. గంటసేపు ఆడి, "ఎవరు మునిగిపోయారో తెలీడంలేదు," అని కొట్టిపారేసింది.

రెండో శనివారం వందమంది ఆట. ఒక్కో వైపు ఎనభై మంది కాల్బలం, ఇరవై గుర్రాలు. వాళ్ళని బారులు తీర్చడానికే అరగంట పట్టింది. నేను నా సైన్యాన్ని శ్రద్ధగా సర్దుకుని వెనక్కి జరిగి చూసుకుంటే చాలా ముచ్చటేసింది. పిల్ల కూడా తల వంచి చూసింది.

"మీరు పళ్ళసెట్టు పేర్చారు," అంది.

నిజమే. నాకు తెలియకుండానే చేతి అలవాటు కొద్దీ ముందువరసని గుండ్రంగా వంచి, డాళ్ళు పట్టుకున్న లావుపాటి వాళ్ళని రెండు చివర్లా దవడపళ్ళలా పెట్టాను. మధ్యలో ఈటెలవాళ్ళు నాలుగు ముందుపళ్ళలా నిలబడ్డారు. జడ్జిగారు గుర్రాలన్నిటినీ తెచ్చి సరిగ్గా అక్కడే గుద్దింది. నా ముందుపళ్ళు నాలుగూ ఊడిపోయాయి. కొట్టాయన నెత్తిమీది కళ్ళద్దాలు జారిపోయేంత నవ్వాడు. పిల్ల పెదవులు బిగించుకుంది గానీ బుగ్గలు ఆగలేదు.

బయటికి వచ్చాక, "ఇదే బాగున్నట్టుందే?" అని అడిగాను.

"చాలా ఎక్కువమంది. ఎప్పటికి పూర్తవుతుంది?" అంది. గొంతులో ఏదో దిగులుంది. మెట్లు దిగే ధ్యాసలో నేను పట్టించుకోలేదు.

మూడోవారం ఆరుకాళ్ళ జీవులూ మనుషులూ కొట్టుకునే ఆట. అది పదినిమిషాల్లో తేలిపోయింది, "ఆరు కాళ్ళున్నా రెండు కాళ్ళవాళ్ళంతే నడుస్తున్నాయి, అన్యాయం" అని. నాలుగోవారం ఏడుగురి ఆట. కూలిన ఇళ్ళ మధ్య, ఒక్కో వైపు ఏడుగురే. ప్రతివాడికీ ఒక పేరు, ఒక గుణం. ఒకడు గోడలెక్కుతాడు, ఒకడు పిరికివాడు. నాకు ఈ ఆటతో ప్రాణం లేచొచ్చినట్టనిపించింది. పైగా నేనే గెలిచాను.

"బాగానే ఉంది," అంది జడ్జి. దాని నోట్లోంచి ఆ మాట రావడమంటే మామూలు విషయం కాదు. అయినా వెళ్ళేముందు వందమంది బల్ల దగ్గర ఆగి, ఎవరో పడేసిన గుర్రాన్ని నిలబెట్టి వచ్చింది. ప్రతి శనివారమూ అలాగే చేసేది. నేను చూస్తూనే ఉన్నాను, చూసినదేమిటో తెలుసుకోలేదు.

ఆ వారం నాకో వెర్రి ఆలోచన వచ్చింది. ఏడుగురే కదా, నేనే చెక్కితే పోలా? రోజూ భోజనమయ్యాక మైనం కత్తి పట్టుకుని ఒక్కొక్కణ్ణి చెక్కాను. పళ్ళసెట్లతోపాటే ప్లాస్టర్‌లో పాతి ఉడకబెట్టాను. నా అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది, పగలగొడితేగానీ లోపలిది బయటికి రాదు. కాబట్టి రెండోసారి అదే మనిషి రాడు. ఏడుగురు ఏడు రకాలుగా వచ్చారు. రంగొక్కటే అందరికీ, చిగుళ్ళ రంగు.

తీరా చూస్తే ఆరుగురే ఉన్నారు. ఏడోవాడి కోసం బల్ల కింద వెతుకుతుంటే ఫోన్ మోగింది. నాకు పని పంపే డాక్టరుగారు.

"పైసెట్టు అందిందండీ. దాంతోపాటు ఈటె పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కూడా వచ్చాడు. ఆయన్ని పేషెంటుకి ఎక్కడ పెట్టమంటారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో పిల్ల. అంతా వింది. ఒక క్షణం నన్నూ, బల్ల మీది ఆరుగురు గులాబీ సైనికుల్నీ చూసి, తర్వాత గోడకి జారగిలబడి కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. ఎక్కిళ్ళు వచ్చేంత నవ్వు. ఏడాదిలో ఆ పిల్ల నవ్వు చప్పుడు నేను వినడం అదే మొదలు. డాక్టరుగారి దగ్గర పోయిన పరువంతా తిరిగొచ్చినట్టయింది నాకు.

నవ్వడం అయ్యాక గుమ్మం దాటి లోపలికొచ్చింది. ఒక సైనికుణ్ణి తీసి వెలుతురులో తిప్పి చూసింది.

"నాకూ నేర్పిస్తారా?"

ఆ రోజునుంచీ పొద్దుటిపూటలు నా బల్లకి రెండో కుర్చీ వచ్చింది. మైనం ఎంత వేడిమీద మెత్తబడుతుందో, ఎంత చల్లబడితే గీత నిలుస్తుందో చెప్పాను. దాని చెయ్యి నాకంటే నెమ్మది, నాకంటే నిలకడ. ముక్కు ఒక్కటి చెక్కడానికి గంట తీసుకునేది. మాట్లాడుతూ చెక్కేది కూడా. బళ్ళో లెక్కల టీచరు చాక్‌పీసు ఎలా పట్టుకుంటుందో, అత్తావాళ్ళింట్లో దాని గది కిటికీలోంచి ఏం కనపడుతుందో, అమ్మ చీరల వాసన ఎప్పుడు మర్చిపోయిందో. చివరిమాట అన్నాక మైనం దీపం దాని వైపుకి జరిపాను. నాకు ఆ పిల్లమీద ప్రేమ పుట్టింది ఎప్పుడని అడిగితే ఆ పొద్దుటిపూటే అని చెబుతాను.

అందుకే భయం కూడా మొదలైంది. ఇంకా రెండు వారాలే ఉన్నాయి. వదిన వచ్చే తేదీ కేలెండరు మీద గుండ్రంగా గీసి ఉంది. బలవంతపెట్టకూడదు అనే మాట నేను మంత్రంలా జపించుకున్నాను. ఉండమని అడిగితే అది బలవంతం. దిగులుగా మొహం పెడితే అదీ బలవంతమే. కాబట్టి పెద్దమనసు చూపించాలనుకున్నాను. చూపించబోయి పప్పులో కాలేశాను.

ఆరో వారం ఒక రేకు డబ్బా తెచ్చాను. లోపల మెత్తటి స్పాంజి పెట్టి, ఏడు గుంటలు కోసి, ఏడుగుర్నీ పడుకోబెట్టాను. డాక్టరుగారు వెనక్కి పంపిన ఆయనతో సహా. మూత తీసి పిల్లముందు పెట్టాను.

"ఏడుగురి ఆటే తీసుకుందాం. నీకూ నచ్చింది కదా. ఇది చూడు, సంచిలో పట్టేస్తుంది. ఎక్కడికెళ్ళినా నీతో తీసుకుపోవచ్చు."

పిల్ల డబ్బాలోకి చాలాసేపు చూసింది. తర్వాత మూత పెట్టేసింది.

"నేను వెళ్ళిపోతానని నువ్వే తేల్చేశావా?"

"అది కాదు..."

"అత్త ఫోన్ చేసినప్పుడల్లా వచ్చెయ్యమంటుంది. నీ గది అలాగే ఉంచాను, వచ్చెయ్యమంటుంది. నాన్న ఒక్కసారైనా ఉండమన్నాడా? నువ్వన్నావా? నీ ఇష్టం, నీ ఇష్టం, నీ ఇష్టం! ఇప్పుడేమో సర్దుకోడానికి డబ్బా ఇస్తున్నావు!"

కుర్చీ వెనక్కి నెట్టి వెళ్ళిపోయింది. చేతిలో ఉన్న మైనం ముక్క నా బల్ల మీదే వదిలేసింది. అది సగం చెక్కిన గుర్రం. ఏడుగురి ఆటలో గుర్రాలుండవు.

ఏడాదిగా నన్ను మీరు అన్న పిల్ల, కోపంలో నువ్వు అంది. తిట్టు తిన్న బాధలోనూ అదొక్కటి నాకు తియ్యగా అనిపించింది. తర్వాత నా మీద నాకే ఒళ్ళు మండింది. పిల్ల ఆటలన్నిటికీ వంకలు పెడుతోందని నవ్వుకున్నాం. ఎక్కడ ఉంటుందో తెలియని పిల్ల, పూర్తవడానికి ఏళ్ళు పట్టే ఆట ఏ ధైర్యంతో ఎంచుకుంటుంది? ఎదురుగా కూర్చుని ఆడేవాళ్ళు ఉంటారో ఉండరో!

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే వంటింట్లో పట్టుకున్నాను.

"మనం ఏమీ అనకూడదని కదా అనుకున్నాం," అన్నాడు.

"వెళ్ళమని అనకూడదు. ఉండమని కూడా అనకూడదని ఎవరు చెప్పారు?"

"అక్క చెప్పింది కదా, బలవంతం..."

"మీ అక్క వారం వారం రమ్మని పిలుస్తోంది. ఒప్పందం తప్పింది ఆవిడ ఒక్కతే. పిల్లకి కావలసిన మాట అన్నదీ ఆవిడ ఒక్కతే. మనం మహా మర్యాదస్తులం, నోరుమూసుకు కూర్చున్నాం!"

ఆయన చేతిలోని మంచినీళ్ళ గ్లాసు అక్కడే పెట్టేసి పిల్ల గదికి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది, నాకు వినపడింది. పెద్ద మాటలేమీ కావు. "నువ్వు లేకపోతే నాకు ఇంట్లో బాగోదమ్మా. ముందే చెప్పాల్సింది. నాకు చెప్పడం రాలేదు." అంతే. పిల్ల ఏమందో వినపడలేదు.

నా వంతు శనివారం వచ్చింది. పిలిస్తే రాదేమో అనుకున్నాను. చెప్పులేసుకుని ముందే మెట్లమీద నిలబడి ఉంది. దారిపొడుగునా నాకంటే రెండడుగులు ముందే నడిచింది. కొట్టాయన మా ఇద్దర్నీ రెండు కళ్ళద్దాల్లోంచీ చూసి, "ఇవాళైనా ఏదో ఒకటి తేలుతుందా?" అన్నాడు.

"తేలింది," అన్నాను. "నేను ఎంచుకున్నాను. వందమంది ఆట."

పిల్ల నావైపు తిరిగింది.

"రెండు వైపులా మేమే చెక్కుకుంటాం," అని ఆయనకే చెప్పాను, పిల్లవైపు చూడకుండా. "మా బొమ్మలతో ఇక్కడ ఆడనిస్తారా?"

"కాళ్ళ కిందుండే బిళ్ళ కొలత సరిపోతే చాలు. బొమ్మ ఎవరు చేస్తే ఏం? కానీ రెండొందలండీ! చెక్కి, పోసి, రంగులేయడం!"

"రంగులతో సహా, తీరిగ్గా, వారానికి ఒకటి అవుతుంది," అన్నాను. "నాకు పనుంటుంది, దీనికి బడి ఉంటుంది. అంతకంటే అవదు."

పిల్ల పెదవులు కదిలాయి. లెక్క వేస్తోంది.

"దాదాపు నాలుగేళ్ళు," అంది మెల్లగా.

అప్పుడు దాని మొహం చూశాను. కళ్ళనిండా అనుమానమే. ఇంక దాచుకోవడం నావల్ల కాలేదు.

"నావల్ల ఒక్కదానివల్ల కాదు. అందుకే అడుగుతున్నాను. ఇది బలవంతమే అనుకో, నాకు పరవాలేదు. ఉండిపో. నువ్వు లేకపోతే నేను ఈ ఆట ఆడను, ఇంకే ఆటా ఆడను. నువ్వు నాకు కావాలి."

కింద టైర్ల కొట్లో ఎవరో గాలి కొడుతున్నారు. కొట్టాయన ముక్కుమీది కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు, తుడవాల్సిన అవసరం లేకపోయినా.

"ఆలోచించుకుని చెప్తా," అంది జడ్జి.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నియమాల పుస్తకం మాత్రం తీసుకుని చంకలో పెట్టుకుంది.

ఆ తర్వాతి వారం ఎలా గడిచిందో చెప్పలేను. పొద్దుటిపూట వచ్చి బల్ల దగ్గర కూర్చునేది, చెక్కేది. ఆ సగం గుర్రాన్ని పూర్తిచేసింది. ఉండటం గురించి ఒక్క మాట లేదు. నేను అడగలేదు. ఒకసారి అడిగాను, అది చాలు. దాని బట్టల పెట్టె మంచం కింద ఉందా, బయటికి తీసిందా అని రోజుకి నాలుగుసార్లు చూసి వచ్చేదాన్ని.

గుండ్రంగా గీసిన రోజు రానే వచ్చింది. వదిన పొద్దున్నే దిగింది. స్నానం చేసి, భోజనం చేసి, చేతులు తుడుచుకుంటూ అసలు మాటకి వచ్చింది.

"ఏం తల్లీ, ఏమనుకున్నావ్? సర్దుకున్నావా?"

మా ఆయన ప్లేటు వంకే చూస్తున్నాడు. నేను ఖాళీ గిన్నె మీద మూత పెట్టి తీస్తున్నాను.

"ముందు నువ్వొకటి చూడాలి, రా అత్తా," అని పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని నా పనిగదికి తీసుకెళ్ళింది. మేమిద్దరం వెనకాలే వెళ్ళాం. బల్ల దగ్గర రెండు కుర్చీలుండాలి. మూడున్నాయి. వంటింటి స్టూలు ఎప్పుడు తెచ్చి పెట్టిందో! ఆవిణ్ణి దానిమీద కూర్చోబెట్టి, చేతిలో మైనం ముక్క పెట్టింది. తను పూర్తిచేసిన గుర్రాన్ని ఎదురుగా నిలబెట్టింది.

"మొత్తం నలభై గుర్రాలు కావాలి. ఒకటి అయింది. మిగతావి నీవి."

"నావేంటే?" అంది వదిన.

"నువ్వు ప్రతి సెలవులకీ వస్తావు కదా. నేను కూడా నీ దగ్గరికి వచ్చినప్పుడు మైనం పట్టుకొస్తా. మనుషుల్ని మేం చూసుకుంటాం."

ఆవిడ మైనం ముక్కని అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది. ఎంతోమంది నాడి చూసిన మనిషి, ఈ మాట అర్థం కాకపోవడానికి లేదు. ఆవిడ ఉంచిన గది, ఆరేళ్ళు దువ్విన జడ, అన్నీ ఆ నిమిషంలో ఆవిడ కళ్ళలోకి వచ్చాయి. నాకు గెలిచిన సంతోషం కలగలేదు. ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడాలనిపించింది, వెళ్ళి నిలబడ్డాను.

"ఎప్పటికి పూర్తవుతుందే ఇదంతా?" అని అడిగింది చివరికి.

"నేను డిగ్రీ కాలేజీకి వెళ్ళే టైముకి," అంది పిల్ల తలెత్తకుండా, కత్తి మొనకి అంటుకున్న మైనం గీకుతూ.

వదిన పమిటతో ఒక్కసారి మొహం తుడుచుకుంది. స్టూలు ముందుకి జరుపుకుంది. కత్తి ఇమ్మని నావైపు చెయ్యి చాచింది.

"ముందు ఏం చెక్కాలి, తలా, కాళ్ళా?"

"కాళ్ళు, వదినా," అన్నాను. కత్తి అందించాను. ఎలా పట్టుకోవాలో జడ్జిగారే చూపించింది.